గృహవ్యయము: మనము మఱచిన చిట్టా

(సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



గృహస్థధర్మమును గూర్చి ప్రసంగింపవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. దానము, తీర్థయాత్ర, అతిథిపూజ అని చెప్పి కూర్చుండుట మాకు సులభమే. ముప్పదియైదేండ్లు పాఠము చెప్పిన నోటికి శ్లోకములు కొఱతగావు. కాని మన యిండ్లలో నిద్రపట్టనీయని విషయము వేఱొకటి గలదు. అది నెల కడపటి వారము. వచ్చిన ధనమెంతయో తెలియును. పోయిన త్రోవ తెలియదు. ఆ త్రోవను గూర్చియే నేడు మాటలాడదలచితిమి.

మనది లెక్క వ్రాయు కులము. మన పెద్దలు సంధ్యాదీపము పెట్టినపిమ్మట నాటి జమాఖర్చులు చిట్టాకెక్కించి, చేతినిలువ సరిచూచుకొనినగాని భోజనమునకు లేచువారు కారు. చిట్టానుండి ఆవర్జాకు పద్దులు దించుట పదేండ్ల బాలురకు తెలిసిన విద్య. మా తండ్రిగారు పది పైసల తేడాకై ఒక రాత్రి రెండు జాములు కూర్చుండుట మేము చూచితిమి. పది పైసలకింత శ్రమయేలయని యడుగగా, "పోయినది పది పైసలే, ఎట్లు పోయినదో తెలియకపోవుట నష్టము" అని వారనిరి. ఆ మాట యర్థమగుటకు మాకేబదియేండ్లు పట్టినది.

కాలము మాఱినది. మనలో ననేకులు అంగళ్లు విడిచి యుద్యోగములలో బ్రవేశించిరి. పిల్లలు హైదరాబాదు, బెంగుళూరు, అమెరికా చేరిరి. సంతోషమే. కాని యంగడితోపాటు చిట్టాను గూడ విడిచితిమి. వ్యాపారమునకు లెక్క వలయును గాని సంసారమున కేల యనుకొంటిమి. వ్యాపారమున నష్టము వచ్చినచో కొట్టు మూయవచ్చును. సంసారమున నష్టము వచ్చినచో నేమి మూసెదము?

ఇతరుల దోషములెన్నుటకు ముందు మా దోషము చెప్పుకొందుము. ఉద్యోగవిరమణానంతరము జీతము పోయి పింఛను మిగిలినను, ఇంటి నడవడి మాత్రము జీతమునాటిదే. కిరాణా కొట్టులో ఖాతా పెరిగినది. ఖాతాలో కొంత చెల్లించుటకు క్రెడిట్ కార్డు వాడితిమి. కార్డువారు నెలనెలకు కట్టవలసిన కనీసపు మొత్తము నొకదానిని సూచింతురు. అది మాత్రము కట్టి, బాకీ తీరుచున్నదని తలచితిమి. ఈ సంగతి మా గృహిణికి చెప్పలేదు. ఒకనాడు ఆమెకు కంటి శుక్లమునకు శస్త్రచికిత్స చేయింపవలసివచ్చినది. చేత ధనము లేదు. ఆమె గాజులు తాకట్టు పెట్టితిమి. ఆమె గాజులు తీసియిచ్చుచు, "ఏమండీ! పిల్లలు విభక్తి తప్పినచో ఊరకుండరు గదా, మన యింటి లెక్క యేది?" అని యడిగినది. మేము ప్రత్యుత్తర మీయలేకపోతిమి.

ఆ రాత్రియే యొక పుస్తకము దెచ్చి, పసుపు పూసి, కుంకుమబొట్టు పెట్టి, మొదటి పుటలో మా అప్పులన్నియు దాచక వ్రాసి యామె ముందుంచితిమి. సభ్యులారా! ఆ పుట వ్రాయుట మా జీవితమున నన్నిటికంటె కష్టమైన రచన. అది వ్రాసినపిమ్మట తక్కిన పుటలన్నియు సులభములైనవి.

మొదటి నెల యే ఖర్చును తగ్గింపలేదు, వ్రాసితిమి, అంతే. ఒకరి ఖర్చును మఱియొకరు నిందింపరాదని యొడంబడిక చేసికొంటిమి. నెల కడపట చూడగా 30 దినములలో 43 మారులు సరకులు కొనియుంటిమి. కొట్టుకు బోయినవి కొన్ని. ఫోనులో జెప్పి తెప్పించుకొన్నవి కొన్ని. పెద్ద బియ్యపు మూట మమ్ము ముంచలేదు. ఉప్పు పొట్లమునకై పోయి, బిస్కత్తులు, కారప్పూస, సబ్బు చేతబట్టుకొని వచ్చుట ముంచినది. సరకు విలువకంటె దానిని యింటికి జేర్చు రుసుము భారమైన దినములును గలవు. అలమార వెనుక ఆవాల పొట్లములు మూడు, సేమియా పొట్లములు నాలుగు కానవచ్చినవి. కుళ్లిపాఱవేసిన కూరలు వారమున రెండు పూటలకు సరిపోవును. ఎవరును చూడని వినోదకార్యక్రమమునకు నెలనెలకు మా బ్యాంకు ఖాతానుండి రుసుము తనంతట తానే పోవుచుండెను.

ఇది క్రొత్త విద్య గాదు. వాత్స్యాయనుని కామసూత్రములయందు భార్యాధికారికమను భాగము గలదు. సంవత్సరపు టాయమును లెక్కించి దాని కనురూపముగ వ్యయము చేయుట, దినదినపు టాయవ్యయములను కూడికవేసి తెలిసికొనుట గృహిణి కార్యములలో నచ్చట పరిగణింపబడినవి. కౌటిల్యుని యర్థశాస్త్రమును 1909వ సంవత్సరమున మైసూరునందు శామశాస్త్రిగారు ప్రకటించిరి. అందు రాజధనము నుద్యోగులపహరించు మార్గములు నలువదియని చెప్పబడినది. మన యింట అపహర్తలు లేరు. మన యశ్రద్ధయే నలువది మార్గముల దోచుచున్నది. అదే గ్రంథము నూఱు పణములకు నెలకు పణమునకాలు ధర్మ్యమైన వడ్డీ యనుచున్నది. క్రెడిట్ కార్డు బాకీపై సాధారణముగా నెలకు నూటికి మూడు రూపాయలకు పైబడి వడ్డీ పడును. మన తాతలలో నెవరైన నింత వడ్డీ వసూలు చేసియుండినచో ఊరివారు పేరుపెట్టి తిట్టియుందురు. మనము మాఱుపలుకక కట్టుచున్నాము. కావున అప్పులలో నధికవడ్డీ గలదానిని ముందు తీర్చుట, కనీసపు మొత్తముతో తృప్తిపడకుండుట ప్రథమకర్తవ్యము.

ఇక కిరాణాసరకుల మాట. రెండవ నెలనుండి మేమవలంబించిన పద్ధతి యిది. నెలకొకమారు పప్పుదినుసులు, నూనెలు. వారమున కొకమారు కూరలు. కొట్టునకు బోవుటకు ముందు డబ్బాలన్నియు మూతలు తీసి చూచి పట్టిక వ్రాయవలెను. పట్టికలో లేనిది నాడు కొనరాదు. అవసరమని తోచినచో వచ్చువారపు పట్టికలో వ్రాయవలెను. అట్లు వ్రాసినవానిలో సగము మఱుసటి వారమున మేమే కొట్టివేసితిమి. పొట్లముపై ధరను మాత్రమేగాక తూకమును చదువవలెను. లీటరు పొద్దుతిరుగుడు నూనె సుమారు 910 గ్రాములు తూగును. చూపునకు లీటరు సంచివలె నుండి యంతకు తక్కువ తూకము అచ్చైనవియు గలవు. పెద్ద పొట్లము చౌకయని నమ్మరాదు. కిలోకెంత పడినదో భాగహారము చేసి చూడవలెను. ఇది మన కులవిద్యయే గదా!

చింతపండు, ఎండుమిరపకాయలు, కందులు క్రొత్తపంట వచ్చినపుడు సంవత్సరమునకు సరిపడ కొని నిలువచేయుట మన పెద్దల యాచారము. కందులకు ఆముదము పట్టించి యెండబెట్టుట నేటికిని పనికివచ్చును. కాని అప్పుచేసి నిలువచేయరాదు. పురుగుపట్టి పాఱవేయునంత కొనుటయు లాభము గాదు. ఎంత కావలయునో గత సంవత్సరపు చిట్టాయే చెప్పును.

విద్యుత్తు విషయము. వేయి వాట్ల పరికరము గంటసేపు నడచిన నొక యూనిట్టు. రెండువేల వాట్ల గీజరు దినమున కొక గంట ఎడతెగక నడచినచో నెలకు 60 యూనిట్లు. 60 వాట్ల పాత బల్బునకు మాఱుగా 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు వెలుతురున కేమియు తక్కువ గాదు. 75 వాట్ల పంకా దినమునకు 12 గంటలు తిరిగిన నెలకు 27 యూనిట్లు. 30 వాట్ల క్రొత్తరకపు పంకా 11 యూనిట్లకు లోపే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెంటను వాడుక హెచ్చినకొలది యూనిట్టు ధరయు హెచ్చును గావున, మీది మెట్టు దాటకుండ తగ్గించిన యూనిట్లే యెక్కువ ఫలమిచ్చును. బిల్లు చూచి నిట్టూర్చుటకంటె, వారమున కొకమారు మీటరు చూచి అంకె వ్రాసికొనుట మేలు. క్రొత్త గ్యాసుబండ పెట్టిన దినమును సైతము పుస్తకమున వ్రాయుడు. బండ త్వరగా నైపోయినచో కారణము వెదకుటకు వీలుకలుగును.

ఫోనున యూపీఐ ద్వారా చెల్లించుట 2016నుండి వచ్చిన సౌకర్యము. మేమును వాడుచున్నాము. చెల్లింపులన్నియు ఫోనులోనే యుండగా మఱల పుస్తకమేలయని యువకులు ప్రశ్నింతురు. నాయనలారా! ఫోను ఎవరికిచ్చితిమో చెప్పును, ఎందుకిచ్చితిమో చెప్పదు. నోటు చేతినుండి విడుచునపుడు మనస్సొక క్షణమాగును, ఫోనునొక్కునపు డాగదు. ఆ క్షణమును మనకు తిరిగి యిచ్చునది స్వహస్తముతో వ్రాయు చిట్టా. మీరు ఫోనులోనే వ్రాసికొన్నను మాకభ్యంతరము లేదు. వ్రాయువారు మీరై యుండవలెను, అంతే.

ఒక హెచ్చరిక. పొదుపు వేఱు, లోభము వేఱు. పసిపిల్లల పాలు, వృద్ధుల మందులు, పనిమనిషి జీతము, గుమ్మమునకు వచ్చినవారికి పెట్టు పిడికెడన్నము తగ్గింపదగినవి గావు. పెద్ద దుకాణమున నడిగినంత యిచ్చి, గంపనెత్తుకొని వచ్చిన కూరలమ్మితో రూపాయికై వాదులాడుట పొదుపు గాదు, అవివేకము. పొదుపు పేరిట వంటింటి చాకిరియంతయు స్త్రీలమీద మోపుటయు న్యాయము గాదు. బయట కొనుట మాని పొడులు, పచ్చళ్లు ఇంటనే చేయవలయుననిన, రోలుకడ మగవారును కూర్చుండవలెను. మేము కూర్చుంటిమి, మా వ్యాకరణమున కేమియు లోటు రాలేదు.

పదునొకండవ నెలలో కార్డుబాకీ తీఱి, గాజులు విడిపించితిమి. మా యాయము రూపాయియైనను పెరుగలేదని మనవి. మేము చేసినది గొప్పకార్యము గాదు. మనకంటె పేదలగు స్త్రీలు అంతకంటె గొప్పపని చేసిరి. నెల్లూరుజిల్లా దూబగుంటలో 1992 ప్రాంతమున స్త్రీలు సారాపై తిరుగబడిరి. 1993లో ఆంధ్రప్రదేశమున సారా నిషేధింపబడినది. ఆ యుద్యమమువెంట నా జిల్లాలోనే పొదుపులక్ష్మి సంఘములు వెలసి, దినమున కొక రూపాయి చొప్పున కూడబెట్టుట స్త్రీలు నేర్చుకొనిరి. కూలిసొమ్మునుండి రూపాయి మిగిల్చిన యా తల్లులముందు, లెక్కల కులమని చెప్పుకొను మనము తలవంచి నేర్చుకొనవలసినది గలదు.

కావున ఈ మహాసభకు మూడు మనవులు. మొదటిది: సంఘమున జరుగు ప్రతివివాహమునకు వధూవరుల కిరువురకు గలిపి యొక చిట్టాపుస్తకమును బహూకరింపవలెను. వెండిపళ్లెమున కగు వ్యయములో నది యేపాటి? రెండవది: మన సమారాధనలలో వంటకముల సంఖ్య తగ్గింపవలెను. విస్తళ్లలో మిగిలి పారవేయబడు నన్నమును చూచి గృహస్థుడు పొదుపు నేర్వజాలడు. సంఘమే దారి చూపవలెను. మూడవది మగవారికి మాత్రమే: ఇంట జెప్పని అప్పు మీకేదైన నుండినచో, నేటి రాత్రియే చెప్పుడు. గాజులు తీయవలసిన దినమువఱకు మావలె వేచియుండకుడు. కోపము వచ్చును, ఒక పూట మౌనము వచ్చును. ఆపై మీకు సహాయము వచ్చును. ఇది మేమనుభవించి చెప్పుచున్నాము.

మా మాటలలో కఠినమైనది యేదైన నుండినచో బడిపంతులు పలుకని మన్నింపుడు. ప్రతి గృహమునందును సాయంకాలము దీపముతోపాటు చిట్టాయు తెఱువబడుగాక!

స్వస్తి.