క్షయ రోగి కంచంలోకి నెలకు వెయ్యి

టీబీకి మందు ఉచితమని మద్నూర్‌లో చాలామందికి తెలుసు. తిండికీ సర్కారు డబ్బిస్తుందన్న సంగతే అంతగా తెలియదు.

ఆ పథకం పేరు నిక్షయ్ పోషణ్ యోజన. 2018 ఏప్రిల్‌లో నెలకు 500 రూపాయలతో మొదలైంది. 2024 నవంబర్ 1 నుంచి వెయ్యి చేశారు. ఆరు నెలల చికిత్సకు ఆరు వేలు, మూడేసి వేల చొప్పున రెండు విడతల్లో నేరుగా బ్యాంకు ఖాతాలో పడతాయి.

తిండికి ఎందుకంటారా? ఒళ్లు చిక్కినవాడిని క్షయ తొందరగా పట్టుకుంటుంది, పట్టుకున్నాక మరింత చిక్కిస్తుంది. జార్ఖండ్‌లో జరిగిన ఓ పెద్ద అధ్యయనం 2023లో వెలువడింది. మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగిన రోగుల్లో మరణ ప్రమాదం 61 శాతం తగ్గిందట. మందు ఎంతో, ముద్దా అంతే. వెయ్యి రూపాయలతో అన్నీ రావు, నిజమే. కానీ రోజూ రెండు గుడ్లు, గుప్పెడు పల్లీలు, ఇంత చిక్కటి పప్పు తినొచ్చు.

మనది మహారాష్ట్ర సరిహద్దు మండలం. వైద్యానికి అవతలి దెగ్లూర్ వెళ్లేవాళ్లూ ఉన్నారు. అక్కడ ప్రైవేటులో చూపించుకున్నా ఈ సాయం వర్తిస్తుంది, సర్కారు టీబీ పోర్టల్ నిక్షయ్‌లో పేరు నమోదైతే చాలు. ఆధార్, బ్యాంకు పాసుబుక్కు పట్టుకుని సర్కారు దవాఖానకు వెళ్లండి, లేదా మీ ఆశా కార్యకర్తను అడగండి. రెండు వారాలకు మించి దగ్గుతున్నవారైతే ముందు తెమడ పరీక్ష చేయించుకోండి. సందేహాలకు ఉచిత ఫోన్ నంబరు 1800-11-6666.