అథారిటీ ఎవరిది?



ఆఫీసు కాగితాల్లో 'అథారిటీ' అనే మాట మీకు రోజూ ఎదురవుతుంది. దాని మూలం లాటిన్‌లోని 'ఔక్తోరితాస్'. దాని వెనకున్న క్రియకు పెంచడం అని అర్థం. రచయితను ఇంగ్లీషులో 'ఆథర్' అనడమూ అందులోంచే వచ్చింది. మన 'ఓజస్సు'ను కూడా భాషావేత్తలు ఈ కుదురులోనే చేరుస్తారు. కె.సి. కాలువ కింద నాట్లు వేసేది, ఇంట్లో బిడ్డల్ని పెంచేది ఆడవాళ్లే గదా, మరి ఈ మాట మగవాళ్ల సొత్తు ఎట్లా అయింది?

రోమన్ చట్టం చూడండి. తండ్రి పోయిన స్త్రీకి సొంత ఆస్తి ఉండొచ్చు. కానీ ముఖ్యమైన ఆస్తి అమ్మాలన్నా, వీలునామా రాయాలన్నా సంరక్షకుడి సమ్మతి కావాలి. ఆ సమ్మతి పేరే ఔక్తోరితాస్! అగస్టస్ చక్రవర్తి ముగ్గురు బిడ్డల్ని కన్న స్త్రీకి ఈ కాపలా తీసేశాడు. మన 1994 పంచాయతీరాజ్ చట్టం సరిగ్గా తిరగేసింది. పాత సంతానానికి మినహాయింపు ఇచ్చి, ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ నిబంధన 2024 దాకా పోలేదు. మగవాళ్లకూ వర్తించిందిగా అంటారు, నిజమే. కనాలా వద్దా అన్నది ఎన్ని ఇళ్లలో ఆమె నిర్ణయం?

పంచాయతీల్లో మనకు మూడో వంతు స్థానాలిచ్చిన 73వ రాజ్యాంగ సవరణను పార్లమెంటు 1992 డిసెంబరులో ఆమోదించింది. అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు ఈ నంద్యాల ఎంపీయే. కుర్చీ వచ్చింది, చెక్ పవర్ వచ్చింది. అయినా 'సర్పంచి గారున్నారా' అని పిలిస్తే భర్త బయటికొస్తాడు. రోమన్ సంరక్షకుడికి కనీసం చట్టం ఆసరా ఉంది, ఈయనకు అదీ లేదు.

పదవితో వచ్చే బలాన్ని రోమన్లు 'పొతెస్తాస్' అని వేరుగా పిలిచారు. నలుగురూ మాటకిచ్చే విలువ ఔక్తోరితాస్. ఈ తేడా ఆళ్లగడ్డ వాళ్లకు నేను చెప్పాలా? శోభా నాగిరెడ్డి 2014 ఏప్రిల్ 24న రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. మే 7న పోలింగ్. ఆమె పేరు పోటీలో అట్లాగే ఉంది, ఓటర్లు ఆమెనే గెలిపించారు. కుటుంబ బలముంది, సానుభూతి ఉంది, కాదనను. తర్వాత ఉపఎన్నికలో కూతురు అఖిలప్రియ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు కూడా. అయినా, ఏ పదవీ చేపట్టలేని మనిషికి జనం ఓటేశారు. మీరేమో బతికుండి, పదవిలో ఉండి, సంతకం దగ్గర ఆగిపోతున్నారు.

ఈసారి తీర్మానాల పుస్తకం ఇంటికి సంతకానికి వస్తే, చదివి వినిపించమనండి. ఎవరు రాశారో అడగండి. నచ్చని వాక్యం మీ చేత్తోనే కొట్టేయండి.