రక్తమిచ్చినవాళ్లకు జవాబు



ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది జన్యుశాస్త్రమో జీవరసాయనమో వైద్యమో చదివారు. రేపో మాపో ఏదో ఒక సీక్వెన్సింగ్ యంత్రం ముందు కూర్చుంటారు. జన్యువ్యాధుల క్లినిక్‌లో పనిచేసే డాక్టర్‌గా మీకు చెప్పాలనుకున్నది ఒక జన్యువును వెతికి పట్టుకున్న కథ. అందుకోసం ముందు అమెరికాకు, అక్కడి నుంచి వెనిజులాకు వెళ్లి, ఆ తర్వాత మన హైదరాబాద్‌కు రావాలి.

1968లో లాస్ ఏంజెలెస్‌లో లియొనోర్ వెక్స్లర్ అనే ఆవిడ పొద్దున్నే రోడ్డు దాటుతుంటే ఒక పోలీసు చూశాడు. ఇంత పొద్దున్నే తాగి నడవడానికి సిగ్గుగా లేదా అని కేకలేశాడు. ఆవిడ తాగలేదు. ఆవిడ తండ్రినీ ముగ్గురు అన్నదమ్ములనూ తీసుకుపోయిన హంటింగ్టన్ వ్యాధే ఆవిడకూ మొదలైంది. సాధారణంగా నడివయసులో వస్తుంది. కాళ్లూ చేతులూ వాటంతట అవే మెలికలు తిరుగుతాయి, ఆలోచన చెదిరిపోతుంది, మనిషి ఏళ్ల తరబడి కరిగిపోతూ చనిపోతాడు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లల్లో ప్రతి ఒక్కరికీ రావడానికి సగానికి సగం అవకాశం. లియొనోర్‌కు ఇద్దరు కూతుళ్లు. చిన్నమ్మాయి నాన్సీ చదివింది మనస్తత్వశాస్త్రం, జన్యుశాస్త్రం కాదు. ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను, మీలో ఇతర శాఖల వాళ్లూ ఉన్నారు కాబట్టి.

అప్పటికే వెనిజులాలో, మరకైబో సరస్సు ఒడ్డున ఉన్న బెస్త పల్లెల్లో అమెరికో నెగ్రెటె అనే డాక్టర్ ఇదే జబ్బును గుర్తించి ఉన్నాడు. 1950ల్లో అక్కడికి వెళ్లిన కొత్తలో తూలుతున్న మనుషుల్ని చూసి ఆయనా తాగుబోతులనే అనుకున్నాడు. తాగలేదు డాక్టరుగారూ, జబ్బు అని ఊరివాళ్లే చెప్పారు. రెండు ఖండాల్లో ఒకే జబ్బుకు లోకం వేసిన నింద కూడా ఒకటే.

నాన్సీ 1981 నుంచి ఏటా ఆ పల్లెలకు వెళ్లింది. నీళ్లలో గుంజల మీద కట్టిన ఇళ్లకు పడవల్లో తిరిగింది. ఎవరి పిల్లలు ఎవరు, ఎవరికి జబ్బు వచ్చింది, ఏ వయసులో వచ్చింది అని అడిగి రాసుకుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ వంశవృక్షం పది తరాలకు, 18,000 మందికి పైగా మనుషులకు విస్తరించింది. రక్తం, చర్మం నమూనాలు ఇవ్వమంటే ఊరివాళ్లు భయపడ్డారు. ఎక్కడినుంచో వచ్చినవాళ్లు సూది పట్టుకుని అడిగితే ఎవరు మాత్రం భయపడరు? మా అమ్మకూ ఇదే జబ్బు, నాకూ రావచ్చు, నేనూ ఇచ్చాను అని నాన్సీ చెప్పింది. ఫిదేలా గోమెజ్ అనే నర్సు నాన్సీ చెయ్యి పట్టుకుని జనంలో తిప్పుతూ, చర్మం ముక్క తీసిన చోట ఉన్న మచ్చను అందరికీ చూపించింది. ఆ తర్వాతే జనం చేతులు చాచారు.

ఆ రక్తం విమానంలో బోస్టన్ వెళ్లింది. జేమ్స్ గుసెల్లా బృందం 1983లో ఆ జన్యువు నాలుగో క్రోమోజోమ్ మీద ఉందని తేల్చింది. జన్యువు చేతికి చిక్కడానికి ఇంకో పదేళ్లు పట్టింది. 1993లో తేలిందేమిటంటే, ఆ జన్యువులో సీ-ఏ-జీ అనే మూడక్షరాల ముక్క పక్కపక్కనే మళ్లీ మళ్లీ వస్తుంది. 35 సార్ల లోపు ఉంటే భయం లేదు. 40 గానీ అంతకు మించి గానీ ఉంటే జబ్బు తప్పదు. ఒక ఇంట్లో తరతరాల ఏడుపు వెనక ఉన్న కారణం అంత చిన్నది. నాన్సీ తనకూ ఆ వ్యాధి ఉందని 2020లో బహిరంగంగా చెప్పింది. ఈ ముక్కలను లెక్కపెట్టి జబ్బును తేల్చే పరీక్ష ఇప్పుడు ప్రపంచమంతా చేస్తున్నారు; అది మరకైబో బెస్తవాళ్ల రక్తం పెట్టిన భిక్ష. ఆ పల్లెల పేదరికం మాత్రం తీరలేదు. జబ్బును ఆపే మందు వాళ్లకింకా అందలేదు. ఆ బాకీ మన శాస్త్రం మీద అలాగే ఉంది.

ఇప్పుడు వెతుకులాట వేగం పెరిగింది. 2010లో సియాటిల్ శాస్త్రవేత్తలు మూడు కుటుంబాల్లోని నలుగురి ఎక్సోమ్‌ను, అంటే ప్రోటీన్ల సమాచారం ఉండే డీఎన్ఏ భాగాలను, చదివి మిల్లర్ సిండ్రోమ్ అనే అరుదైన వ్యాధికి కారణమైన జన్యువును పట్టుకున్నారు. అలాంటి పరీక్షలే ఈ రోజు హైదరాబాద్‌లో చేస్తున్నారు.

ఇక మన సంగతి. క్లినిక్‌లో నేను తరచూ వినే మాట: "మాది మేనరికం కాదండీ, గోత్రాలు కూడా వేరే. మరి మా బిడ్డకెందుకు వచ్చింది?" ఈ ప్రశ్నకు జవాబు మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు హార్వర్డ్ వాళ్లతో కలిసి 2017లో ప్రచురించిన పరిశోధనలో ఉంది. దక్షిణాసియాలో 263 సమూహాలను పరిశీలిస్తే, 81 సమూహాలు చాలా కొద్దిమంది పూర్వీకుల నుంచి వచ్చినవని తేలింది. ఈ విషయంలో పేరుమోసిన ఫిన్లాండ్ ప్రజలకన్నా, అష్కెనాజీ యూదులకన్నా వీటిలో ఆ ముద్ర బలంగా ఉంది. శతాబ్దాలుగా పెళ్లిళ్లు లోపల్లోపలే జరిగాయి కాబట్టి, ఒక పూర్వీకుడిలోని లోపం గోత్రాలు వేరైనా ఇద్దరు దంపతుల్లోనూ ఉండవచ్చు. అక్క కూతుర్ని మేనమామకిచ్చే ఇళ్లలో ఆ అవకాశం ఇంకా పెరుగుతుంది.

ఉదాహరణకు, ఆర్యవైశ్యుల్లో బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం ఇతరులకన్నా సుమారు వంద రెట్లు ఎక్కువ. మామూలుగా బతికినంతకాలం దాని ఉనికే తెలియదు. ఆపరేషన్‌కు ముందు కండరాలను సడలించే స్కోలిన్ ఇంజెక్షన్ ఇస్తే మాత్రం, నిమిషాల్లో తిరిగి రావాల్సిన ఊపిరి గంటల తరబడి రాదు. ముందే తెలిస్తే మత్తు డాక్టర్ వేరే మందు వాడతారు. కారణం తెలుసుకోవడం ప్రాణం నిలబెడుతుందనడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ తెలియదు.

కారణం తెలియని ఇళ్లలో ఏం జరుగుతుందో చూస్తూనే ఉన్నాను. "మా వంశంలో ఇలాంటివి లేవు" అని అత్తగారు అంటుంది. కోడలు తలదించుకుంటుంది. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ చెరొక లోపపు ప్రతి వస్తేనే పుట్టే జబ్బుకు తల్లి ఒక్కతే దోషి అయిపోతుంది. రిపోర్టు చేతిలో పెట్టుకుని భర్తనూ అత్తనూ ఎదురుగా కూర్చోబెట్టి, సగం అటునుంచి, సగం ఇటునుంచి వచ్చింది, ఇందులో ఎవరి తప్పూ లేదు అని తెలుగులో చెప్పిన రోజున ఆ అమ్మాయి తల పైకెత్తుతుంది. ఆ బిడ్డకు మందు లేకపోయినా ఆ జవాబు విలువ తగ్గదు. తర్వాతి కాన్పులో జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటని, గర్భంలో ఉండగానే పరీక్ష ఉందని అప్పుడే తెలుస్తుంది.

ఇక చికిత్స ఖర్చు సంగతి. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద, అర్హత ఉన్న రోగులకు కేంద్ర ప్రభుత్వం గుర్తించిన వైద్య కేంద్రాల్లో 50 లక్షల రూపాయల దాకా సాయం అందుతుంది. హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, డీఎన్ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి అలాంటి కేంద్రంగా పనిచేస్తున్నాయి. ఈ సంగతి తెలియని ఇళ్లు ఎన్నో. మీ ఊళ్లో చెప్పండి. మీ ఇంటి పెళ్లిచూపుల్లోనూ, జాతకాలు చూసినంత శ్రద్ధగా, రెండు కుటుంబాల్లో చిన్నప్పుడే చనిపోయిన పిల్లల గురించి అడగండి.

పరిశోధనలోకి వెళ్లేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. ఏ కుటుంబం దగ్గరైనా రక్తం తీసుకుంటే, ఫలితం వచ్చిన రోజున వాళ్ల దగ్గరికి మీరే వెళ్లండి. ఏమీ తేలకపోయినా వెళ్లి, తేలలేదని చెప్పండి. కొత్త జన్యువులు బయటపడినప్పుడల్లా పాత రిపోర్టును మళ్లీ తెరిచి చూస్తామని మాటివ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి.