తాళం వేసిన ఇళ్లు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామందిమి గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బుతో ఇల్లు కట్టుకొన్నవాళ్లం. పిల్లలు ఉద్యోగాల రీత్యా దూరాన ఉన్నారు. మేడమీది వాటా అద్దెకిస్తే మందుల ఖర్చుకైనా వస్తుంది. కాని, "దిగినవారు ఖాళీ చేయకపోతే ఈ వయసులో కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారు?" అని నాతో సహా ఎందరో తాళం వేసి ఉంచుతున్నాం.

ఈ భయం మనకొక్కరికే కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని పట్టణాలలో సుమారు 1.1 కోట్ల ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. అంటే ఎనిమిదింటిలో దాదాపు ఒకటి! మరోవైపు, పట్టణాలలో 1.88 కోట్ల ఇళ్ల కొరత ఉన్నదని 2012లో కేంద్ర ప్రభుత్వం నియమించిన సాంకేతిక బృందం అంచనా వేసింది. ఆ కొరతలో అధికభాగం ఇరుకు ఇళ్లలో సర్దుకొంటున్న కుటుంబాలదే.

ఈ వింతకు కారణమేమిటని పట్టణ ఆర్థిక శాస్త్ర పరిశోధకుడు సాహిల్ గాంధీ, రిచర్డ్ గ్రీన్ మొదలైనవారితో కలసి పరిశీలించి, 2022లో వ్యాసం ప్రకటించారు. అద్దె చట్టం అద్దెదారు వైపే బాగా మొగ్గిన చోట ఖాళీ ఇళ్లు ఎక్కువ; జనాభాకు తగినంతమంది న్యాయమూర్తులున్న చోట తక్కువ. ఇదీ వారు తేల్చిన సారాంశం. అంటే తాళం వేయిస్తున్నది మన పిసినారితనం కాదు, న్యాయం ఆలస్యమవుతుందన్న భయం.

అద్దె నియంత్రణ చట్టాలు దురుద్దేశంతో వచ్చినవి కావు. యుద్ధకాలపు కరువులో సామాన్యుణ్ణి వీధిన పడకుండా కాపాడినవే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1960లో వచ్చిన చట్టమూ ఆ కోవలోదే. అయితే పట్టణాలలో అద్దె ఇళ్ల వాటా 1961లో 54 శాతం ఉండగా, 2011 నాటికి 28 శాతానికి పడిపోయింది.

అద్దె ఇళ్లలో ఉంటున్న పింఛనుదారులూ ఈ సభలో ఉన్నారు. వారికీ రక్షణ కావాలి. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇరువురినీ దృష్టిలో పెట్టుకొన్నది. లిఖితపూర్వక ఒప్పందం తప్పనిసరి. నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదు. యజమాని నీళ్లు, కరెంటు ఆపరాదు. గడువు తీరినా ఖాళీ చేయకపోతే మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆపైన నాలుగు రెట్లు అద్దె చెల్లించాలి. తగాదాలను 60 రోజులలో తేల్చడానికి ప్రత్యేక కోర్టులుండాలి.

ఇది నమూనా మాత్రమే. రాష్ట్రాలు చట్టం చేసి, కోర్టులలో తగినంత సిబ్బందిని నియమిస్తేనే ఫలితం. కనుక ఈ మేరకు ప్రభుత్వానికి వినతిపత్రం సమర్పించవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను.