గోడ వెంట నడక, పిల్లలూ కుక్కా

ఉత్తర ఇంగ్లండులో రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ వెంబడి ఒక కాలిబాట ఉంది. తూర్పున వాల్స్‌ఎండ్ నుంచి పడమట బౌనెస్ దాకా 135 కిలోమీటర్లు. పెద్దవాళ్లు వారం రోజుల్లో ముగిస్తారు. పిల్లలూ కుక్కా వెంట ఉంటే ఆ లెక్క పక్కన పెట్టండి. రోజుకు పది, పన్నెండు కిలోమీటర్లు చాలు. అంత సెలవు దొరక్కపోతే మధ్య భాగం ఒక్కటే నడవండి. గోడ బాగా మిగిలింది అక్కడే, ఎత్తుపల్లాలూ అక్కడే. దారిలో హౌస్‌స్టెడ్స్ కోటలో రోమన్ సైనికుల మరుగుదొడ్లు చూడొచ్చు. మధ్యలో అడ్డు లేకుండా వరసగా కూర్చునేవారట! పిల్లలకు ఏ చరిత్ర పాఠమూ ఇంత నవ్వు తెప్పించదు.

సీజన్‌లో ఏడీ 122 అనే బస్సు ఈ గోడ దారినే తిరుగుతుంది. గోడ కట్టడం మొదలైన ఏడాదే ఆ నంబరు. చిన్నవాడు ఇక నడవనని భీష్మించుకు కూర్చుంటే ఆ బస్సే దిక్కు. వేళలు ముందే చూసుకోండి.

అసలు చిక్కు కుక్కతోనే. బస బుక్ చేసేటప్పుడే దాన్ని రానిస్తారో లేదో అడగాలి. దారిలో చాలాచోట్ల గొర్రెలు మేసే పొలాలే, వసంతంలో పిల్లలు పెట్టి ఉంటాయి. పట్టీ వదలకూడదు. ఆవులు తరుముకొస్తే మాత్రం వెంటనే వదిలేయాలి. వాటి కోపం కుక్క మీదే. అది పరిగెత్తి తప్పించుకోగలదు, మనం తప్పించుకోలేం. సాయంత్రం దాని కాలివేళ్ల సందుల్లో, చెవుల వెనక పిడుదుల కోసం వెతకండి. పిల్లల మోకాళ్ల వెనక కూడా.

గోడ మీదికి మాత్రం ఎవరినీ ఎక్కనివ్వకండి, ఫోటో కోసమైనా సరే.