మిగిలిన బలమును లెక్కించు విద్య

(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలో నేను భారతమును గురించియో భాగవతమును గురించియో మాటలాడుదునని మీరు తలచియుందురు. ఈ గ్రంథాలయపు బల్లల యొద్ద ఇన్నేండ్లుగా నేను చేసిన పని అదియే గదా! కాని నేడు మన గంగారమునకు కొత్తయైన యొక చదువును గురించి మనవి చేయుదును. ఈ గ్రంథాలయముననే చదివి పెరిగిన యొక అమ్మాయి ఆక్యుపేషనల్ థెరపీలో ఎం.ఓ.టీ. పట్టము పుచ్చుకొని వచ్చి, మొన్న నన్నడిగినది: “పెద్దనాయనా, నేను పి.హెచ్.డి.కి పోవుదునా? ఇంటిలో వారు ఇంకెన్నేండ్లు చదివెదవని విసుగుకొనుచున్నారు.” ఆ పూట నేను బదులు చెప్పలేదు. నేడు మీ యందరి యెదుట చెప్పుదును.

మొదట ఆ విద్య యెట్టిదో తెలిసికొందము. శస్త్రవైద్యుడు విరిగిన యెముకను అతుకును. ఫిజియోథెరపీ వారు కీలునకు కదలికను, కండరమునకు బలమును తెచ్చుటకు పాటుపడుదురు. ఆక్యుపేషనల్ థెరపీ వారు అడుగు ప్రశ్న వేరు. ఈ మనిషి తన చేతితో అన్నము కలుపుకొని తినగలడా? చొక్కా గుండీ పెట్టుకొనగలడా? ఈ తల్లి పక్షవాతము వచ్చిన పిదప ఒంటిచేత కూర తరుగగలదా? ఈ బిడ్డ బడిలో పలక పట్టగలదా? చేతగానిచో చెంచా పిడికి గుడ్డ చుట్టి లావు చేయుదురు, గడపకు వాలుబాట వేయింతురు, పనినే మార్చి నేర్పుదురు. దీనిని తెలుగున వృత్తి చికిత్స యందురు గాని, ఇచట వృత్తి యనగా జీతము తెచ్చు పని మాత్రమే కాదు. మనిషి దినమును నింపు పనులన్నియు.

ఈ తలపు మన పెద్దలకు లేకపోలేదు. యుద్ధమున కాలు తెగిన విశ్పలకు అశ్వినీ దేవతలు ఇనుప కాలు అమర్చిరని ఋగ్వేదము చెప్పుచున్నది. ఈ కాలమున మన దేశమునకు ఈ విద్యను తెచ్చినది అమెరికాలో పుట్టి మన దేశపు కోడలైన కమలా నింబ్కర్. ఆమె 1950లో బొంబాయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో తొలి పాఠశాలను నెలకొల్పిరి. 1952లో అఖిల భారత సంఘ మేర్పడినది. అదే యేట పుట్టిన ప్రపంచ సమాఖ్యకు మన దేశమును వ్యవస్థాపక సభ్యురాలు. 1954లో మోటారు ప్రమాదమున నడుము క్రింది భాగము పడిపోయిన డాక్టరు మేరీ వర్గీసు, చక్రాల కుర్చీలో కూర్చుండియే శస్త్రచికిత్సలు చేసి, 1966లో వెల్లూరున పునరావాస కేంద్రమును తెరచిరి. మన సికిందరాబాదులో బుద్ధిమాంద్యము గలవారికొరకు జాతీయ సంస్థ 1984లో వెలసినది.

ఇచట నా తప్పు నొకటి చెప్పుకొనవలెను. చాల యేండ్ల క్రిందట తాటిచెట్టుపైనుండి పడి నడుము విరిగిన యొక గీత కార్మికుని మంచముపై మోసికొని నా యొద్దకు తెచ్చిరి. సహాయపు దరఖాస్తు వ్రాయవలెను. నేను లెక్కలు వ్రాయువాడను. గడులు నింపుట నాకు అలవాటు. ‘ఏ పనికిని పనికిరాడు’ అని వ్రాసి, చదివి వినిపింపకయే వేలిముద్ర వేయించితిని. ధర్మకార్యము చేసితినని మురిసితిని. కాని ఆతని రెండు చేతులును చక్కగా నుండెను. మోకు పేనుటలో ఆతని మించినవాడు చుట్టుపట్ల లేడు. ఆ చేతులకు కాగితమున గడి లేదు, నేనును అడుగలేదు. ఆ మనిషి మరల మంచము దిగలేదు. ఖర్చు వ్రాసి జమ వ్రాయనిది తప్పుడు లెక్క. మనిషి విషయమున నేను అట్టి లెక్కయే వ్రాసితిని.

వైకల్య ధ్రువపత్రమున నూటికి ఇంత యని వ్రాయునది పోయిన బలము. 2016 నాటి చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించినది. 40 శాతమునకు తగ్గని వారికి ప్రత్యేక హక్కులు కలవు. ఆ లెక్క అవసరమే. మిగిలిన బలమును లెక్కించి దానికి పని చూపునది మాత్రము ఈ విద్య.

ఇక అమ్మాయి అడిగిన ప్రశ్న. ఎం.ఓ.టీ. చదివినవారు ఉన్న జ్ఞానమును రోగికి వినియోగింతురు. పి.హెచ్.డి. చదువువారు ఇంతవరకు లేని జ్ఞానమును సంపాదించి, అది నిజమని నిరూపింపవలెను. అందులకు విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022లో చేసిన నియమము లిట్టివి. మాస్టరు పట్టమున నూటికి 55 మార్కులు రావలెను. షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు, వికలాంగులు మొదలగు వారికి 5 మార్కుల సడలింపు కలదు. ప్రవేశము జాతీయ అర్హత పరీక్ష ద్వారా గాని, విశ్వవిద్యాలయము పెట్టు పరీక్ష ద్వారా గాని జరుగును. విశ్వవిద్యాలయపు పరీక్షలో సగము ప్రశ్నలు పరిశోధన పద్ధతిని గూర్చి, సగము విషయమును గూర్చి యుండును. చేరిన పిదప కనీసము 12 క్రెడిట్ల పాఠములు చదివి, అందులోను 55 మార్కులు తెచ్చుకొనవలెను. ఆరు నెలల కొకసారి సలహా సంఘము నెదుట నిలిచి పని యెంత సాగినదో చెప్పవలెను. గడువు తక్కువలో తక్కువ 3 ఏండ్లు, మామూలుగా 6 ఏండ్లు. మరి రెండేండ్లు పొడిగింపవచ్చును. స్త్రీలకు, 40 శాతము మించిన వైకల్యము గలవారికి ఇంకను రెండేండ్లు కలవు. కాన్పు సెలవు 240 దినములు. పెండ్లియైన బిడ్డ చదువలేదను మాటకు ఈ నియమమే జవాబు.

తుదకు సిద్ధాంత వ్యాసమును మార్గదర్శకునితోపాటు, ఆ విశ్వవిద్యాలయమున కొలువు లేని ఇరువురు పరీక్షకులైనను చూడవలెను. ఆపైన మౌఖిక పరీక్ష. మా లెక్కలకు తనిఖీ యున్నట్లే ఇదియును. వ్రాసినవాడే సరియని చెప్పుకొన్న లెక్క చెల్లదు. ఇన్ని కట్టుబాట్లు విద్యార్థిని వేధించుటకు కాదు. తప్పుడు మాట యొకటి పుస్తకమున కెక్కినచో, అది చదివిన వేయిమంది చికిత్సకుల చేతులమీదుగా రోగుల యొద్దకు పోవును.

ఒక మెలకువ చెప్పవలెను. ఒక ప్రొఫెసరు 8 మందిని, అసోసియేట్ ప్రొఫెసరు ఆరుగురిని, అసిస్టెంటు ప్రొఫెసరు నలుగురిని మించి ఒకే కాలమున పరిశోధకులుగా తీసికొనరాదు. కనుక తన ప్రశ్న తెలిసిన గురువు నెదుక వలెను. ఉపకార వేతనము కలదో లేదో చేరకముందే విచారింపవలెను. అమెరికా పోదలచువారు రెండు పట్టములను ఒకటిగా భ్రమింపరాదు. అచట ఓ.టీ.డీ. యనునది చికిత్స వృత్తికి చెందిన డాక్టరు పట్టము, పి.హెచ్.డి. పరిశోధన పట్టము. పి.హెచ్.డి. వచ్చినంత మాత్రమున అచట రోగికి చికిత్స చేయు అనుమతి రాదు. దానికి వేరు పరీక్ష, లైసెన్సు కలవు.

అన్నిటికంటె నన్ను కదిలించిన నియమ మింకొకటి. మనుష్యులపై పరిశోధన చేయువారు ముందుగా నైతిక సంఘపు అనుమతి పొందవలెను. 2017లో భారత వైద్య పరిశోధన మండలి వెలువరించిన సూత్రముల ప్రకారము, పాల్గొనువారికి సంగతి యంతయు వారి భాషలో తెలుపవలెను. చదువురానివారు వేలిముద్ర వేయునప్పుడు పక్షపాతము లేని సాక్షి యుండవలెను. వద్దనుటకు, నడుమ మానుకొనుటకు వారికి హక్కు కలదు. మన మండలమున ఆ భాష తెలుగే కానక్కరలేదు; కోయభాష కావచ్చును, లంబాడీ కావచ్చును. చదివి వినిపింపక నేను వేయించిన వేలిముద్ర ఈ నియమము విన్నప్పుడెల్ల నా కన్నుల యెదుట నిలుచును.

ఉద్దాలకుని కుమారుడు శ్వేతకేతువు 12 ఏండ్లు చదివి గర్వముతో ఇంటికి వచ్చెనని ఛాందోగ్యము చెప్పును. తండ్రి అడిగిన ఒక్క ప్రశ్నకు అతడు నిలువలేకపోయెను. కాబట్టి అమ్మాయీ, నీవు తప్పక పొమ్ము. కాని ప్రశ్నను ఇచటినుండి కొనిపొమ్ము. 2024లో ప్రభుత్వము గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచములను పంచనారంభించినది. అవి ధరించి చెట్టెక్కువారెందరు? మానివేసినవారు ఎందుకు మానిరి? పడి బ్రతికినవాడు మోకు పేనియో, దుకాణము పెట్టియో మరల సంపాదించుటకు ఏది తోడ్పడును, ఏది అడ్డుపడును? దూరపు నగరమున కూర్చున్నవారికి ఈ ప్రశ్నలు తోచుట కష్టము. నీవు ఈ చెట్ల నీడలో పెరిగినదానవు.

ఇంటివారికి నా మనవి: ఈ యేండ్లను వ్యర్థమని ఖర్చులో వ్రాయకుడు. సాగినన్నాళ్లు బిడ్డను సాగనిండు. గ్రంథాలయము వారికి నా మనవి: ఆమె వ్యాసమును ఏ భాషలో వ్రాసినను, దాని సారమును తెలుగున వ్రాయించి మన బీరువాలో నుంచుడు. ఆ దినమున నేను బ్రతికియున్నచో, దానిని ఆ గీత కార్మికుని ఇంటి ముంగిట కూర్చుండి, ఆతని పిల్లలకు ఆద్యంతము చదివి వినిపింతును. నాడు వినిపింపని కాగితమునకు అదియే నేను చెల్లింపగల బాకీ.