లిమాలో హోటలు పెట్టవచ్చునా?



మన సంఘంలో హోటలు వ్యాపారం చేస్తున్న కొందరు మిత్రులు పెరూ దేశపు రాజధాని లిమాలో ఉమ్మడిగా పెట్టుబడి పెట్టదలచి మా సలహా కోరారు. సొమ్ము పలువురి కష్టార్జితం. ఊరు సముద్రాల కావల ఉన్నది. కనుక మంచిచెడ్డలు రెండూ మనవి చేస్తాము.

మొదట మంచి. 1535లో స్పెయిన్‌వారు స్థాపించిన ఆ నగరంలో నేడు దాదాపు కోటి జనం ఉన్నారు. విదేశీ యాత్రికులలో అధికభాగం అక్కడే విమానం దిగుతారు. 2025 జూన్‌లో కొత్త టెర్మినల్ తెరిచారు. హోటలు బసపై నూటికి 18 వంతు పన్ను ఉన్నా, విదేశీ యాత్రికులకు మినహాయింపు కలదు. 2016 జులై మొదలు 2025 అక్టోబరు వరకు ఏడుగురు అధ్యక్షులు ప్రమాణం చేసినా, వారి నాణెం సోల్ కుప్పకూలలేదు.

ఇక చెడ్డ. యాత్రికుల మనసంతా మాచుపిచ్చు మీదనే. లిమాలో ఒక్క రాత్రి తల వాల్చి, తెల్లవారగానే కుస్కో విమానం ఎక్కుతారు. కుస్కో సమీపాన చించేరోలో అంతర్జాతీయ విమానాశ్రయం తలపెట్టారు. విదేశీ విమానాలు నేరుగా అక్కడ దిగితే ఆ ఒక్క రాత్రీ దక్కదు. పైగా 2019లో పెరూకు సుమారు 44 లక్షల విదేశీ యాత్రికులు రాగా, 2024లో వచ్చినవారు 33 లక్షల లోపే. 2023 జనవరిలో రాజకీయపు అల్లర్ల వలన మాచుపిచ్చునే మూసివేశారు.

కాబట్టి దిగేవారి తలలు లెక్కించి గదులు కట్టరాదు. రెండవ రాత్రి ఎవరుంటారో లెక్కించాలి. శాన్ ఇసిద్రో పేటకు వ్యాపారపు పనులపై వచ్చేవారు ఉంటారు. భోజనప్రియులు ఉంటారు. ప్రపంచంలోని ఉత్తమ రెస్టారెంట్ల పట్టికలో 2023లో సెంట్రల్, 2025లో మైదో మొదటి స్థానం పొందాయి, రెండూ లిమావే. రుచి కోసం వచ్చినవాడు ఒక్కపూటతో లేచిపోడు.

స్థలం విషయమూ ముఖ్యమే. పాత నగరంలో 1924లో వెలసిన గ్రాన్ హోటల్ బొలివార్ ఒకనాడు మహావైభవంగా వెలిగింది. ధనికులు, వర్తకం దక్షిణపు పేటలకు తరలిపోగా దాని కళ తగ్గింది. ఊరు కదులుతుంది, భవనం కదలదు. 1746 నాటి భూకంపం నగరాన్ని నేలమట్టం చేసిందనీ మరువరాదు. గట్టి కట్టడానికి ఖర్చెక్కువ.

మా అభిప్రాయం ఇది. స్థలం కొని మేడ కట్టవద్దు. మిరాఫ్లోరెస్‌లో గాని, శాన్ ఇసిద్రోలో గాని ఉన్న భవనాన్నే లీజుకు తీసుకొని, కొద్ది గదులతో, మంచి వంటశాలతో ఆరంభించండి. రెండేళ్ల ఖాతాలో రెండవ రాత్రి బసలు పెరిగితేనే రెండవ విడత సొమ్ము పంపండి. దూరపు కొండలు నునుపన్న పెద్దల మాట ఆండీస్ కొండలకూ వర్తిస్తుంది.